రహదారి అంటే దారి కాపలా

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరమూ ఈ సభలో మమ్మల్ని చదువు గురించి మాట్లాడమంటారు. స్కాలర్‌షిప్పు ఫారాలు ఎట్లా నింపాలి, ఆడపిల్లలను పదో తరగతి తర్వాత ఎందుకు మాన్పించకూడదు, ఇవే మేము చెప్పేది, మీరు వినేది. ఈసారి మెయిన్ రోడ్డు గురించి మాట్లాడుతామని కార్యదర్శి గారితో అంటే, "మాస్టర్ సాబ్, అది ట్రాఫిక్ పోలీసుల పని గదా, మన సొసైటీకి ఏం సంబంధం?" అని నవ్వినారు. సంబంధం ఉన్నది. ఎంత దగ్గరి సంబంధమో చెప్పడానికే ఈ అరగంట అడిగి తీసుకున్నాము.

మేము ఉర్దూ బడి మాస్టర్లం గనుక మాట దగ్గర నుంచే మొదలుపెడతాము. రోడ్డును తెలుగులో రహదారి అంటున్నాము గదా, ఇది ఫార్సీ నుంచి వచ్చిన మాట. రాహ్ అంటే దారి. రాహ్‌దార్ అంటే దారిని కాపలా కాసేవాడు. వాడు వసూలు చేసే సుంకానికి రాహ్‌దారీ అని పేరు. బాటసారి సుంకం కట్టాలి, దారిలో అతడికి ఆపద రాకుండా చూడవలసిన పూచీ రాహ్‌దార్‌ది. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట రోడ్డుకే పేరైపోయింది. కాపలా అన్న అర్థం మాత్రం దారిలోనే రాలిపోయింది. ఈ రోజు మేము చెప్పదలచుకున్నది ఆ రాలిపోయిన అర్థాన్ని గురించే.

ముందు కొన్ని లెక్కలు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రకటించిన ప్రకారం 2022 సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయినారు. అంటే రోజుకు 460 మందికి పైగా, గంటకు 19 మంది. మనం ఈ షామియానా కింద కూర్చొని లేచేలోపల దేశంలో ఎక్కడెక్కడో నలభై ఇళ్ళలో ఏడుపులు మొదలై ఉంటాయి. ఆ చనిపోయినవారిలో నూటికి 44 మంది మోటారు సైకిళ్ళ మీద పోయేవారు, 19 మంది నడిచి పోయేవారు. కార్లలో పోయే పెద్దవారి సంగతి కాదిది. బండి మీద పెళ్ళాం పిల్లలను ఎక్కించుకొని పోయేవాడు, సంచీ పట్టుకొని రోడ్డు దాటేవాడు, అంటే మనం. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు సుమారు రెండు శాతం మాత్రమే, కానీ చావుల్లో 36 శాతం వాటి మీదనే. ఇక ప్రమాదాలకు చూపిన కారణాల్లో మితిమీరిన వేగానిదే మొదటి స్థానం, నూటికి 70కి పైగా.

ఇప్పుడు మన ఊరికి వస్తాము. కర్నూలు నుంచి కడప పోయే పెద్ద రోడ్డు ఒకప్పుడు మన ఊరి నడిబొడ్డు గుండానే పోయేది. మా చిన్నతనంలో దానిని పద్దెనిమిదో నంబరు రోడ్డు అనేవారు. 2010లో నంబర్లు మార్చినప్పుడు నలభై అయింది. అప్పట్లో ఈ రోడ్డు మీద జట్కాలు, ఎద్దుల బండ్లు, సైకిళ్ళు, గంటకొక ఆర్టీసీ బస్సు. బస్సు వస్తున్నదంటే మా నానీమా మమ్మల్ని చెయ్యి పట్టుకొని వేపచెట్టు కిందకి లాగేది. బస్సు పోయి దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడేవాళ్ళం. తర్వాత బైపాస్ వచ్చింది, లారీలు ఊరి బయట నుంచి పోతున్నాయి, ఇక మన రోడ్డుకు శాంతి అనుకున్నాము. ఊరి రోడ్డును కూడా వెడల్పు చేసి, నాలుగు వరుసలు చేసి, నడుమ డివైడర్ కట్టినారు. ఆ రోజు మిఠాయి పంచినవారిలో మేమూ ఉన్నాము.

కానీ ఏమయింది? రోడ్డు వెడల్పైన కొద్దీ బండ్ల వేగం పెరిగింది. ఇరుకు రోడ్డు మీద భయపడి నెమ్మదిగా పోయేవాడు, విశాలమైన రోడ్డు కనపడగానే యాక్సిలేటర్ తిప్పుతాడు. ఇది మనిషి స్వభావము. మొహల్లా రోడ్డుకు ఇటువైపు, బడి, బస్‌స్టాండు, ఆసుపత్రి అటువైపు. డివైడర్ వచ్చిన తర్వాత సందు చివర నుంచి నేరుగా దాటే వీలు లేదు. కింది చౌరస్తా దాకా పోయి తిరిగి రావాలి, ఐదారు నిమిషాల నడక. నాలుగు రోజులు నడిచినాము. ఐదో రోజు రాత్రి ఎవరో గడ్డపార తెచ్చి మసీదు సందు ఎదురుగా డివైడర్‌లో రెండు రాళ్ళు పెళ్ళగించినారు. పది రోజుల్లో అది మోటారు సైకిలు పట్టేంత సందయింది. నెల రోజుల్లో ఆటో పట్టేంతయింది. మునిసిపాలిటీ వారు ఒకసారి మూసినారు, మళ్ళీ తెరిచినాము. తెరిచినారు అనడం లేదు, తెరిచినాము అంటున్నాము. ఎందుకంటే గడ్డపార పట్టినవాడు ఎవరైనా, ఆ సందులో నుంచి రోజూ బడికి పోయిన మాస్టర్లము మేము. "చాలా సౌకర్యంగా ఉంది" అని స్టాఫ్ రూములో చెప్పుకున్నది మేము.

పోయిన సంవత్సరం వానాకాలంలో ఒక సాయంకాలం, అసర్ నమాజుకు కొంచెం ముందు, మా ఆరో తరగతి పిల్లవాడొకడు ఆ సందులో నుంచి రోడ్డు దాటుతున్నాడు. సగం దాటినాడు. ఆగి ఉన్న ఆటో చాటు నుంచి రెండో సగంలోకి అడుగు పెట్టినాడు. అటు నుంచి ఒక మోటారు సైకిలు వచ్చి గుద్దింది. పిల్లవాడు బతికినాడు, అల్హందులిల్లా. కానీ ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది, తలకు దెబ్బ తగిలింది, ఒక సంవత్సరం చదువు పోయింది. ఈ రోజుకూ కాలు ఈడుస్తూ నడుస్తున్నాడు. బడిలో ఆటల పీరియడ్ వస్తే పిల్లల చెప్పులకు కాపలా కూర్చుంటున్నాడు.

బండి నడిపినవాడు ఎవరనుకున్నారు? లారీ డ్రైవరు కాదు, పరాయి ఊరివాడు కాదు. మన మొహల్లా పిల్లవాడే. పదో తరగతి, పదహారేండ్లు. వాళ్ళ అబ్బా బండి తీసుకొని సేమ్యాలు తేవడానికి పోయి వస్తున్నాడు. వాడూ మా శిష్యుడే. మరునాడు మేము వాళ్ళింటికి పోతే మూల కూర్చొని, "బ్రేకు వేసినాను సార్, గట్టిగా వేసినాను, బండి ఆగలేదు" అని ఒకటే మాట. వాడు అబద్ధం చెప్పడం లేదు. బ్రేకు వేసిన మాట నిజము, ఆగని మాటా నిజము. ఎందుకు ఆగలేదో వాడికి తెలియదు. కాలము, దూరము, వేగము లెక్కలు ఎనిమిదో తరగతిలో వాడికి చెప్పింది మేమే. రైలు ప్లాట్‌ఫారాన్ని ఎన్ని సెకన్లలో దాటును అని బోర్డు మీద వంద లెక్కలు చేయించినాము. బండి ఎంత దూరంలో ఆగును అన్న లెక్క ఒక్కటి చేయించలేదు. ఆ లెక్క ఈ సభలో చేస్తాము, పిల్లలు జాగ్రత్తగా వినండి.

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. కంటికి ఏదో కనపడి, మనసుకు తెలిసి, చెయ్యీ కాలూ బ్రేకు నొక్కేసరికి ఎంత చురుకైనవాడికైనా ఒక సెకను పడుతుంది. అంటే బ్రేకు పడకముందే బండి 17 మీటర్లు పోయింది. తర్వాత బ్రేకులు మంచివి, రోడ్డు పొడిది అనుకున్నా ఆగడానికి ఇంకా 20 మీటర్లు కావాలి. మొత్తం 37 మీటర్లు. అదే 40 వేగమైతే ఆ సెకనులో 11 మీటర్లు, బ్రేకు పడినాక 9 మీటర్లు, మొత్తం 20. ఇప్పుడు పిల్లవాడు సరిగ్గా 20 మీటర్ల ముందు రోడ్డు మీదికి వచ్చినాడనుకోండి. 40లో వచ్చేవాడు పిల్లవాడి ముందు ఆగి, నాలుగు తిట్లు తిట్టి పోతాడు. 60లో వచ్చేవాడికి బ్రేకు పడేసరికి మిగిలేది మూడు మీటర్లే. ఆ మూడు మీటర్లలో వేగం ఎంత తగ్గుతుందో లెక్క కట్టి చూడండి, 60 కాస్తా 55 అవుతుంది, అంతే. అంటే బ్రేకు వేసినా వేయనట్లే. బ్రేకు పడినాక బండి పోయే దూరం వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఆ దూరం నాలుగింతలు. వాన పడిన రోడ్డు మీద ఇంకా ఎక్కువ. ఇది తెలియక మా పిల్లవాడు బ్రేకును నమ్ముకున్నాడు. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణం తీసే ప్రమాదాల అవకాశం నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడంలో ఉన్నది కూడా ఈ సంగతే.

"అంత నెమ్మదిగా పోతే ట్రాఫిక్ నిలిచిపోదా సార్?" అని కుర్రవాళ్ళు అడుగుతారు. దానికీ లెక్క ఉన్నది. బస్‌స్టాండు నుంచి బైపాస్ మలుపు దాకా రెండు కిలోమీటర్లనుకుందాము. 60లో పోతే రెండు నిమిషాలు, 40లో పోతే మూడు నిమిషాలు. మిగిలేది ఒక్క నిమిషం, అదైనా నడుమ సిగ్నల్ లేకపోతే. ఊరిలో రోడ్డు ఎన్ని బండ్లను మోస్తుందో నిర్ణయించేది నడుమ పరుగు కాదు, చౌరస్తా. పచ్చ దీపం పడినప్పుడు ఒక్కొక్క వరుసలో రెండు సెకన్లకు ఒక కారు చొప్పున దాటగలదు. ముందు ఎంత ఉరికి వచ్చినా అక్కడ వరుసలో నిలబడవలసిందే. ఇక రెండు వరుసల్లో ఒక వరుసను పండ్ల బండి, ఇద్దరు ఆటోవాళ్ళు, ఒక షాపు బోర్డు ఆక్రమించుకుంటే ఆ ఒక్క చోట కాదు, వెనుక ఉన్న రోడ్డు యావత్తూ ఒక వరుస రోడ్డు అయిపోతుంది. సీసా ఎంత పెద్దదైనా నీళ్ళు మూతి ఎంత ఉంటే అంతే గదా వచ్చేది.

2008లో జపానులో కొందరు భౌతిక శాస్త్రజ్ఞులు చేసిన ఒక ప్రయోగం గురించి చదివి ఆశ్చర్యపోయినాము. 230 మీటర్ల చుట్టుకొలత గల గుండ్రటి బాట మీద 22 కార్లను సమదూరంలో నిలిపి, అందరినీ ఒకే వేగంతో పొమ్మన్నారు. సిగ్నల్ లేదు, గుంత లేదు, అడ్డు లేదు. కొంతసేపటికే ఎవరో ఒకరు కొంచెం తగ్గినారు, వెనుకవాడు ఇంకొంచెం తగ్గినాడు, ఆ వెనుకవాడు బ్రేకు వేసినాడు, చివరికి కార్లు పూర్తిగా ఆగిపోయినాయి. ఆ జామ్ అలలాగా వెనక్కి వెనక్కి పోయింది. మేము దీనిని బడి గ్రౌండులో ముప్పై మంది పిల్లలతో చేయించినాము. సున్నం గీత మీద ఒకరి వెనుక ఒకరు నడవాలి, ముందువాడిని తాకకూడదు, అంతే షరతు. మొదటిసారి రెండు నిమిషాల్లో జామ్. రెండోసారి "ముందువాడికి మీకు నడుమ రెండు అడుగులు వదలండి, తొందరపడకండి, ఒకే తీరుగా నడవండి" అన్నాము. పీరియడ్ గంట కొట్టేదాకా తిరుగుతూనే ఉన్నారు. ఒక పిల్లది, "సార్, నెమ్మదిగా నడిస్తేనే తొందరగా తిరిగినాము" అన్నది. ఇంతకంటే మంచిమాట ట్రాఫిక్ గురించి మాకు తెలియదు. ప్రాణానికి మంచిదేదో ట్రాఫిక్‌కూ అదే మంచిది. ఒకే తీరు వేగము, తగినంత ఎడము, ఆగవలసిన చోట ఆగడము.

మళ్ళీ మా పిల్లవాడి సంగతికి వస్తాము, ఎందుకంటే అసలు తప్పు ప్రమాదం జరిగిన తర్వాత జరిగింది. పిల్లవాడు రోడ్డు మీద పడినప్పుడు చుట్టూ పాతిక మంది గుమిగూడినారు, ఎవ్వరూ చెయ్యి వేయలేదు. కేసులో సాక్షిగా తిప్పుతారేమోనని భయము. చివరికి ఒక కూరగాయల ఆటో అతను గంపలు దించి పిల్లవాడిని ఎక్కించుకొని పోయినాడు. ఆ భయం ఇక అక్కరలేదని అందరికీ తెలియాలి. గాయపడినవారిని కాపాడినవారిని వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు ఆదేశాలను ఖాయం చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే ఆ రక్షణ చేర్చినారు. పేరు చెప్పమని కూడా బలవంతం చేయరాదు. 108కి ఫోను చేయడానికి, రక్తం కారే చోట బట్ట అదిమి పట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఆ తర్వాత వారం తిరగకముందే మసీదు వరండాలో పెద్దలు కూర్చున్నారు. ఇద్దరూ మనవాళ్ళే, కేసు ఎందుకు, పదహారేండ్ల పిల్లవాడి భవిష్యత్తు పాడవుతుంది, రాజీ చేద్దామన్నారు. బండివాళ్ళు ఆసుపత్రి ఖర్చులో కొంత ఇచ్చినారు, కాగితం మీద సంతకాలయినాయి. సాక్షి సంతకం మాది. ఆ రోజు అది మంచిపనే అనుకున్నాము. మూడు నెలల తర్వాత సొసైటీ తరఫున ఇక్కడ సిగ్నల్ గానీ, దాటే దారి గానీ కావాలని అర్జీ పట్టుకొని ఆఫీసుకు పోయినాము. అక్కడి ఉద్యోగి మర్యాదగానే రిజిస్టరు తిప్పి చూసి, "మాస్టారూ, మీ సందు దగ్గర మా రికార్డులో ఒక్క ప్రమాదం కూడా లేదే" అన్నాడు.

ఏం చెప్పగలము? ఆ ప్రమాదాన్ని రికార్డులో లేకుండా చేసిన సంతకం మా జేబులోని పెన్నుదే. ప్రమాద స్థలాలను ప్రభుత్వం ఎట్లా గుర్తిస్తుందో తర్వాత తెలుసుకున్నాము. జాతీయ రహదారుల మీదనైతే సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేండ్లలో చావు గానీ తీవ్ర గాయాలు గానీ కలిగిన ప్రమాదాలు ఐదు జరిగినా, పది మంది చనిపోయినా దానిని బ్లాక్ స్పాట్ అంటారు. అప్పుడే మరమ్మత్తుకు డబ్బు, మనుషులు కదులుతారు. లెక్కలో లేని కాలికి లెక్కలో విలువ లేదు. మన సందు దగ్గర పదేండ్లలో ఎంతమంది పడినారో మనందరికీ తెలుసు, రిజిస్టరుకు మాత్రం తెలియదు. రాజీ పేరున మనం కప్పిపెట్టింది ఇద్దరు పిల్లల గొడవను కాదు, రోడ్డు తప్పును. పైగా కేసు లేకపోతే ఇన్సూరెన్సు క్లెయిమ్ పెట్టడమూ కష్టమే. ఆ తల్లి ఇప్పుడు కాలికి ఇంకో ఆపరేషను చేయించడానికి జకాతు కమిటీ దగ్గరికి వస్తున్నది.

పిల్లలకు బండి తాళాలిచ్చే తండ్రులు కూడా వినండి. 2019 సవరణ ప్రకారం పద్దెనిమిదేండ్లు నిండనివాడు బండి నడిపి నేరం చేస్తే, తండ్రి గానీ బండి యజమాని గానీ మూడేండ్ల దాకా జైలుకు, 25,000 రూపాయల జుర్మానాకు పాత్రుడు. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. పిల్లవాడికి 25 ఏండ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. జైలుకు భయపడి కాదు, పిల్లవాడి ముఖం చూసి తాళం దాచిపెట్టండి. మూల కూర్చొని "బ్రేకు వేసినాను సార్" అన్న ముఖాన్ని మేము చూసినాము. వాడూ దెబ్బ తిన్నవాడే. ఈ రోజుకూ రోడ్డు దాటాలంటే నిలబడిపోతున్నాడు.

ఇక రోడ్డుకు ఏం కావాలి? ఆ సందు మూయాలి. కానీ ఉత్తగా మూస్తే చాలదు. అవసరం ఉన్న చోట దారి ఇవ్వకపోతే జనం డివైడర్ ఎక్కి దూకుతారు, మళ్ళీ గడ్డపార వస్తుంది. నడిచి దాటేవారికి మాత్రం పట్టే చారల దారి, బండ్లు దూరకుండా అడ్డుగా ఇనుప కడ్డీలు, నడుమ డివైడర్ దగ్గర నిలబడడానికి చిన్న తిన్నె కావాలి. తిన్నె ఉంటే ఒకసారి ఒక వైపే చూసుకొని సగం సగం దాటవచ్చు. పైవంతెన కడతామంటే వద్దనము గానీ, మోకాళ్ళ నొప్పుల దాదీమాలు నలభై మెట్లు ఎక్కి దిగరు. సిగ్నల్ పెడితే వాళ్ళ నడకను లెక్కలో పెట్టుకోమని అడగాలి. మామూలు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని ఇంజనీర్ల లెక్క. 14 మీటర్ల రోడ్డుకు 12 సెకన్లు. ముసలివారు 0.8 మీటర్లు నడిస్తే 17, 18 సెకన్లు కావాలి. ఆ ఆరు సెకన్లు మనం అడిగి తీసుకోవలసిన హక్కు.

స్పీడ్ బ్రేకర్ల సంగతి కూడా. మన సందుల్లో మనమే సిమెంటు పోసి గోడలాగా కట్టినవి ఉన్నాయి. వెనుక కూర్చున్న ఆడవాళ్ళు ఎగిరి పడుతున్నారు, అంబులెన్సులో రోగి నడుము విరుగుతున్నది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు కొలత ప్రకారం మామూలు హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. నెమ్మదిగా పోయేవాడికి అది తెలియదు, వేగంగా పోయేవాడికి తెలిసివస్తుంది. న్యాయం కూడా అట్లాగే ఉండాలి గదా.

సర్కారు చేయవలసింది ఇది. ఇంట్లో మాట కూడా ఒకటి రెండు చెప్పుకుందాము. జుమా రోజు మసీదు ముందు మెయిన్ రోడ్డు మీద మన బండ్లు రెండు వరుసలు నిలుస్తున్నాయి. ఆ గంటసేపు అంబులెన్సు వస్తే దారి ఎట్లా? బరాత్‌లో బ్యాండు రోడ్డు నడుమ నిలబడితే వెనుక ఆగిన బస్సులో ఎవరికి ఏ అవసరముందో మనకు తెలుసా? షబే బరాత్ రాత్రి ఇబాదత్‌కు లేపిన పిల్లలు బండ్లేసుకొని రోడ్ల మీద పందేలు పెడుతున్నారు. హైదరాబాదులో ఆ రాత్రి పోలీసులు ఫ్లైఓవర్లు మూసివేయవలసి వస్తున్నదంటే తల ఎవరు దించుకోవాలి? పెళ్ళిలో అల్లుడికి బండి ఇస్తున్నాము, అది ఇవ్వడమే తప్పు, ఆ చర్చ ఇంకో రోజు. కానీ బండి ఇచ్చిన మామ హెల్మెట్ ఇవ్వడం లేదు. 2022లో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది, అందులో 14 వేల మందికి పైగా వెనుక కూర్చున్నవారు. బుర్ఖా అంచు, దుపట్టా, చీర కొంగు చక్రంలో పడకుండా వెనుక జాలీ ఉన్నదో లేదో ఎక్కే ముందు చూసుకోండి.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున మన కర్నూలు దగ్గర చిన్నటేకూరులో జరిగింది ఎవ్వరమూ మరచిపోలేము. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే బస్సు ఒక మోటారు సైకిలును ఈడ్చుకొని పోయి, మంటలు లేచి, 19 మంది ప్రయాణికులు కాలిపోయినారు. ఆ మోటారు సైకిలు అంతకుముందే జారిపడి రోడ్డు మీద ఉన్నదని విచారణలో తేలింది. నడిరోడ్డు మీద పడి ఉన్న ఒక బండి! దారిలో నుంచి ముల్లూ రాయీ తీసివేయడం కూడా సదఖాయేనని చిన్నప్పుడు మన నానీమాలు చెప్పేవారు. అది ఎంత పెద్ద సదఖాయో ఆ తెల్లవారుజామున అర్థమయింది. చీకట్లో రోడ్డు మీద అడ్డం కనపడితే, మీకు ప్రమాదం లేకుండా చూసుకొని, లైటు చూపండి, పక్కకు తీయండి, తీయలేకపోతే ఫోను చేయండి. చూసి పోవద్దు.

చివరగా సొసైటీ ముందు నాలుగు కోరికలు పెడుతున్నాము. ఒకటి, మెయిన్ రోడ్డు మీద మనవారికి గానీ, ఇతరులకు గానీ దెబ్బ తగిలితే పోలీసు స్టేషనులో రాయించిన తర్వాతనే పెద్దమనుషులు ఏ మాటైనా మాట్లాడాలి. రాజీకి సొసైటీ పెద్దలెవ్వరూ సాక్షి సంతకం పెట్టరాదు. రెండు, జుమా బండ్ల కోసం మా బడి గ్రౌండు అడుగుదాము. శుక్రవారం ఆ గంట మాకు సెలవే, హెడ్ మాస్టరు గారితో మేము మాట్లాడుతాము. నలుగురు కుర్రవాళ్ళు నిలబడి బండ్లను లోపలికి పంపితే చాలు. మూడు, షాపుల వాళ్ళు తమ సామాను గడప లోపలికి తీసుకోవాలి, ముందుగా కార్యవర్గ సభ్యుల షాపులు. నాలుగు, ఆ సందును మూయమని, దాటే దారి ఇవ్వమని ఒకే అర్జీలో రెండూ అడగాలి. మూయమనే మాట మన నోట వస్తేనే ఇవ్వమనే మాటకు బలం.

అర్జీ వెనుక రుజువు ఉండాలి గనుక మేము ఒక నోటు పుస్తకం మొదలుపెట్టినాము. తేదీ, సమయము, చోటు, ఏ బండి, ఎవరికి ఎంత దెబ్బ, స్టేషనులో రాసినారా లేదా. రాసేది ఎవరనుకున్నారు? ఆటల పీరియడ్‌లో చెప్పులకు కాపలా కూర్చునే ఆ పిల్లవాడే. వాడి చేతిరాత బాగుంటుంది. బడి గేటు పక్కన అరుగు మీద కూర్చొని సాయంకాలం రోడ్డు చూస్తూ ఉంటాడు. ఇప్పటికి మూడు పేజీలు నిండినాయి. మొదటి పేజీ మొదటి వరుసలో తన ప్రమాదమే రాసుకున్నాడు. చివరి గడిలో, స్టేషనులో రాసినారా అన్న చోట, "లేదు" అని రాసి మా వైపు చూసినాడు.

ఆ చూపుకు జవాబు మేము ఒక్కరమే చెప్పలేము. అందుకే ఈ సభలో మీ అందరి ముందు పెట్టినాము. రాహ్‌దార్ అంటే దారి కాపలా కాసేవాడు. మన దారికి ప్రస్తుతం ఒక్కడే కాపలా ఉన్నాడు, వాడికి పన్నెండేండ్లు, కాలు కుంటుతున్నది. రేపటి నుంచి వాడి పక్కన ఎంతమంది కూర్చుంటారో చూద్దాము.

సభ ముగిసిన తర్వాత ఇళ్ళకు పోయేవారు దయచేసి కింది చౌరస్తా దగ్గరకు పోయి రోడ్డు దాటండి. ఐదు నిమిషాలే గదా. వస్సలాం.